దుర్గాబాయి నల్లింజను

పేదవాళ్ళకు ఆకలి ఉంటుందని అందరూ ఒప్పుకుంటారు. జబ్బులుంటాయని, కష్టాలుంటాయని ఒప్పుకుంటారు. షోకు ఉంటుందంటే మాత్రం ముఖం చిట్లిస్తారు. అందులోనూ షెడ్డులో పనిచేసే ఆడమనిషి, నలభై దాటిన మనిషి, తన సొమ్ముతో తన కోసమే ఒక బొమ్మ రైలింజను కొనుక్కుందంటే "పిల్లలకా?" అని అడగనివాళ్ళు మేడ్చల్‌లో ఒక్కరు లేరు.

"నాకే," అనేది దుర్గాబాయి. "పిల్లలకు సైకిలు కొనిచ్చిన. గిది నాది."

కుత్బుల్లాపూర్‌లో ఫ్యాన్లు, మిక్సీలు, నీళ్ళ మోటార్లు బాగుచేసే రేకుల షెడ్డు ఒకటి ఉండేది. కాలిపోయిన మోటారులోంచి పాత రాగితీగ ఊడదీసి, ఎన్ని చుట్లున్నాయో లెక్కపెట్టి, అదే లెక్కన కొత్త తీగ చుట్టాలి. దాన్నే వైండింగ్ అంటారు. ఆ షెడ్డులో నలుగురు ఆడవాళ్ళు పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు దాకా చేసేది ఆ పనే. వాళ్ళ కార్డుల మీద మాత్రం 'హెల్పర్' అని ఉండేది. ఎవరికి హెల్పు చేస్తున్నారో సేటుకే తెలియాలి. మగవాడు చుడితే వైండర్, ఆడది చుడితే హెల్పర్. రెండువేల రెండులో యూనియన్ తరఫున కార్మికుల వివరాలు రాసుకోవడానికి వెళ్ళినప్పుడు, 'వృత్తి' అన్న గడి దగ్గర దుర్గాబాయి నా పెన్ను ఆపింది.

"కార్డుల ఉన్నది రాస్తవా, చేతుల ఉన్నది రాస్తవా అక్కా?"

రెండూ రాశాను. పరిచయం అట్లా మొదలైంది.

ఆమె పుట్టిందీ పెరిగిందీ మేడ్చల్‌లోనే, పట్టాల పక్కన. తండ్రి పేరు పర్వతాలు, రైల్వేలో గ్యాంగ్‌మన్. భుజాన సుత్తె పెట్టుకుని రోజూ మైళ్ళకు మైళ్ళు పట్టాల వెంట నడిచేవాడు. అప్పుడు అది చిన్న లైను, అంటే మీటర్ గేజి. నిజామాబాద్ వైపు నుంచి నల్లటి బొగ్గింజను దగ్గుకుంటూ వచ్చేది. మధ్యాహ్నం నాయినకు సద్ది పట్టుకుపోయిన దుర్గాబాయి ఆ ఇంజను చక్రాలకున్న ఇనుప కడ్డీలు ముందుకూ వెనక్కూ ఆడడం చూసి అన్నం గిన్నె సంగతే మరిచిపోయేది. ఒకసారి డ్రైవరు ఆమె తమ్ముణ్ణి ఎత్తి ఇంజనులోకి ఎక్కించుకున్నాడు. దుర్గాబాయి కూడా చేతులు చాపింది.

"నువ్వొద్దు బిడ్డా, ఆడపిల్లవు. బట్టలకు మసైతది," అన్నాడట ఆ పెద్దమనిషి, మంచి మాట చెప్పినట్టుగానే.

తమ్ముడు ఒళ్ళంతా మసితో దిగాడు. వాడి చొక్కా ఉతికింది ఎవరనుకున్నారు? ఆమే.

ఆ తర్వాత బొగ్గింజన్లు పోయాయి, డీజిలు వచ్చింది. ఆ చిన్న లైను కూడా పోయి పెద్ద లైను పడింది. ఈలోగా దుర్గాబాయికి పెళ్ళయింది. భర్త బాలనర్సయ్య కండ్లకోయలో ఒక ఇంజనీరింగ్ కాలేజీకి బస్సు నడుపుతాడు. అత్తది శామీర్‌పేట; పేరే పెద్దమ్మ. కొడుకు ఇల్లు మేడ్చల్‌లో కాబట్టి అక్కడే ఉంటుంది, కానీ ఇప్పటికీ ఏ మంచి వస్తువు చూసినా "మా శామీర్‌పేటల గింతకన్న మంచిది దొరుకుతది" అంటుంది.

ఇక ఇంజను ఎట్లా వచ్చిందో చెప్తాను.

యాప్రాల్‌లో ఎలీషా సారు అని ఒకాయన ఉన్నాడు. మిలిటరీలో మెకానిక్‌గా చేరి సుబేదారుగా రిటైరయ్యాడు. శాంతి సైన్యంతో విదేశాలకు పోయినప్పుడు తోటివాళ్ళు కెమెరాలు, టేప్ రికార్డర్లు కొంటే ఈయన బొమ్మ రైలింజన్లు కొన్నాడు. బొమ్మ అంటే కీ ఇస్తే ఉరికేది కాదు. అసలు ఇంజనుకు ఎన్ని చక్రాలుంటే దానికీ అన్నే. జానెడు పొడవు. కడుపులో చింతగింజంత మోటారు. ఇత్తడి పట్టాల్లోకి కరెంటు పంపితే చక్రాల గుండా మోటారుకు చేరి బండి నడుస్తుంది. అట్లాంటివి ఆరుండేవి ఆయన దగ్గర. అందులో ఒకదాని మోటారు కాలిపోయింది. సికింద్రాబాద్‌లో తిరగని దుకాణం లేదు. అందరూ భూతద్దం పెట్టి చూసి, నవ్వి, తిరిగి ఇచ్చేశారు. చివరికి కుత్బుల్లాపూర్ షెడ్డుకు తెచ్చాడు.

సేటు కూడా నవ్వాడు. "సార్, గీ తీగ వెంట్రుక కన్న సన్నం. ఎవరు చుడ్తరు?"

దుర్గాబాయి లేచి వచ్చి ఆ ఇంజనును చూసింది. నల్లది. చక్రాలకు కడ్డీలు. వేలితో ఒక కడ్డీని ముందుకూ వెనక్కూ ఆడించి చూసిందట. తర్వాత అడిగింది: "సారూ, రెండు దినాలు నాకాడ పెట్టుండ్రి."

అగ్గిపుల్లతో, సూదితో, ఊపిరి బిగబట్టి కాలిన తీగ ఊడదీసింది. చుట్లు లెక్కపెట్టి గోడమీద సుద్దతో రాసుకుంది. పక్క బల్ల దగ్గర పనిచేసే క్రిస్టీనా ఫ్యాను ఆపేసింది, గాలికి తీగ తెగకూడదని. మూడో రోజు ఎలీషా సారు వచ్చేసరికి మోటారు తిరుగుతోంది.

"ఎవరు చుట్టిన్రు?" అని సారు అడిగితే సేటు "మా షెడ్డుల చుట్టినం" అన్నాడు. దుర్గాబాయి దగ్గింది. సారుకు అర్థమైంది.

కొన్నాళ్ళకు ఆయనే మళ్ళీ వచ్చాడు. భార్య మరియమ్మకు మోకాళ్ళు నొప్పి, మేడ మీది ఇల్లు ఖాళీ చేసి కింద చిన్న పోర్షన్‌లోకి మారుతున్నారు. రైళ్ళు పరచుకునే జాగా లేదు. అమ్మేస్తున్నాడు. "నీకెవలన్న తెలుసా అమ్మా, కొనేటోళ్ళు?"

"నేను కొంట," అంది దుర్గాబాయి. "నల్లది."

బీరువా కోసమని రెండేళ్ళుగా దాచిన డబ్బులున్నాయి. అవి పెట్టి కొంటానంది. ఎలీషా సారు మొదట సంతోషించలేదు, భయపడ్డాడు. అంతకు ముందే ఒక ఇంజను మేడ్చల్‌లో ప్లాట్ల వ్యాపారం చేసే ఒకాయనకు అమ్మితే, ఆయన దాన్ని హాల్లో అద్దాల అల్మరాలో, పోటీలో గెలిచిన కప్పుల పక్కన పెట్టాడు. ఆరు నెలలకు చక్రాలు బిగుసుకుపోయాయి. ఎకరాలు అమ్మి మేడలు కట్టినవాళ్ళకు వస్తువంటే చూపించుకునేది. నడిపించేది కాదు.

"బండి నడువాలె," అన్నాడు సారు. "ఉగాదికి ఇస్త. దసరా నాడు మీ ఇంటికొస్త. నా ముంగట ఆగకుండ పది చుట్లు తిరగాలె. తిరిగితే నీది, రశీదు రాసిస్త. తిరగకుంటే నీ పైసలు నీకు వాపస్, నా ఇంజను నాకు వాపస్. కబూలేనా?"

"కబూల్," అంది దుర్గాబాయి.

ఇక వాడకట్టులో నవ్వులే నవ్వులు. కిరాణం గౌరయ్య రోజూ ఒక కొత్త మాట తయారుచేసి పెట్టుకునేవాడు.

"వదినా, బీరువా అంటివి, ఇంజను తెస్తివి. బట్టలు ఇంజన్ల మడతవెడ్తవా?"

"నీ దుకాణం గల్లపెట్టెల పెడ్త. ఎట్లైన ఖాళీగనే ఉంటది గద."

బాలనర్సయ్య మాత్రం మొదటి రోజే బండి చుట్టూ తిరిగి చూసి డ్రైవరు భాషలో తీర్పు చెప్పాడు. "ఇంజను మంచిగనే ఉంది. బ్రేకు లేదు. హారన్ లేదు. ఆర్టీవో పాస్ చెయ్యడు."

పాత తలుపు ఒకటి ఉంటే దాని మీద పట్టాలు గుండ్రంగా బిగించారు. పగలు తలుపును గోడకు నిలబెట్టేవాళ్ళు, సాయంత్రం మంచం మీద పరిచేవాళ్ళు. షెడ్డులో రోజంతా సేటు మోటార్లు. ఇంటికి వచ్చాక అరగంట తన మోటారు.

ఆ ఆరు నెలల్లో దుర్గాబాయి ఆ ఇంజనును ఎట్లా చూసుకుందో చూస్తే, మన దేశంలో పనితనం అనేది కాలేజీల్లోనే ఉంటుందనుకునేవాళ్ళకు సిగ్గు రావాలి. మొదట ఒక తప్పు చేసింది. కుట్టుమిషను నూనె ధారగా పోసింది. చక్రాలు జారాయి, బండి ఉన్నచోటే గింగిరాలు కొట్టింది. అప్పటి నుంచి సూది మొనకు అంటినంత నూనె, ఇరుసు దగ్గర మాత్రమే. ఇంట్లో ఇద్దరు ఆడవాళ్ళ జడలు. రాలిన వెంట్రుకలు ఇరుసులకు చుట్టుకుంటాయి. ప్రతి ఆదివారం కనుబొమ్మలు తీసే చిమటాతో ఒక్కొక్కటే లాగేది. మోటారుకు కరెంటు అందించే కార్బన్ ముక్క అరిగిపోతే, మిక్సీ కార్బన్‌ను గోళ్ళు రాసే ఆకురాయితో బియ్యపు గింజంత అయ్యేదాకా అరగదీసి పెట్టింది. వెనక చక్రాలకు పట్టు కోసం సన్నటి రబ్బరు రింగు ఉంటుంది. అది తెగింది. విదేశం నుంచి రావాల్సిన సరుకు. దుర్గాబాయి సైకిలు వాల్వు ట్యూబును కత్తెరతో పలచగా కోసి తొడిగింది. ఎలీషా సారుకు ఫోన్ చేసి చెప్తే రెండుసార్లు అడిగి విన్నాడట. "నేను ముప్పై ఏండ్లు మిలిటరీల మెకానిక్‌ను. నాకెందుకు తోచలే?" అన్నాడట చివరికి.

దసరా ముందురోజు సాయంత్రం బండి ఆగకుండా ఇరవై చుట్లు తిరిగింది. దుర్గాబాయి పట్టాలు తుడిచి, తలుపు అట్లాగే మంచం మీద ఉంచి పడుకుంది.

దసరా పొద్దున షెడ్డులో ఆయుధ పూజ. హెల్పర్లైనా వైండర్లైనా అందరూ రావాలి, మిఠాయి డబ్బా తీసుకోవాలి. దుర్గాబాయి జల్దీగా పోయి వస్తానని పోయింది. ఎలీషా సారు వచ్చేది పదకొండుకు.

ఆమె అటు పోగానే ఇంట్లో ఇంకో పూజ మొదలైంది.

బాలనర్సయ్య అప్పటికే కాలేజీ బస్సుకు పూజ చేసి వచ్చాడు. బంతిపూల దండ మిగిలింది, నిమ్మకాయలు మిగిలాయి. పెద్దమ్మ ఇత్తడి దీపాలు చింతపండుతో తోమి ఆరబెడుతోంది. మంచం మీద ఇంజను కనబడింది.

"ఓ నర్సిగా, బస్సుకు జేసినవు. గిది బండి కాదా? కోడలు ఇయ్యాల పరీక్షకు నిలవడ్తాంది. పూజ లేకుంట నడిపిస్తమా?"

బండంటే ఇంజను ఒక్కటే కాదు కదా, పట్టాలు కూడా. పెద్దమ్మ గడపకు రాసినట్టు ఇత్తడి పట్టాల చుట్టూ చిక్కటి పసుపు రాసింది. రెండు పట్టాలకూ, ఒక్క అంగుళం వదలకుండా. పసుపు మీద వరసగా కుంకుమ బొట్లు. బాలనర్సయ్య చక్రాల కింద నిమ్మకాయ ముక్కలు పెట్టి బండిని వేలితో ముందుకు తోశాడు. చివరికి, పొగగొట్టం బోసిగా ఉందని అందులో ఒక అగరుబత్తి ముక్క గుచ్చి వెలిగించాడు. సన్నగా పొగ లేచింది. తల్లీకొడుకులిద్దరూ దండం పెట్టుకున్నారు.

ఎలీషా సారు పది నిమిషాలు ముందే వచ్చాడు. దుర్గాబాయి మిఠాయి డబ్బాతో వాకిట్లోకి వచ్చేసరికి ఆయన కుర్చీలో చాయ్ తాగుతున్నాడు. గౌరయ్య దుకాణం వదిలేసి వచ్చాడు. వాడకట్టు ఆడవాళ్ళు గుమ్మం నిండా నిలబడ్డారు. నన్ను కూడా భోజనానికి పిలిచింది. నేనొక మూల ఉన్నాను. దుర్గాబాయి మంచం వైపు చూసింది. పచ్చటి పట్టాలు. దండ వేసుకుని పొగ వదులుతున్న ఇంజను.

"అత్తా," అంది మెల్లగా, "గిదేంది?"

"మంచిగైంది గద?" అంది పెద్దమ్మ.

దుర్గాబాయి మిఠాయి డబ్బా కింద పెట్టింది. పట్టాలకు కరెంటు పంపే డబ్బా బిరడా తిప్పింది. బండి కదలలేదు. ఇంకొంచెం తిప్పింది. లేదు. ఎలీషా సారు కప్పు కింద పెట్టాడు. ఆయన ముఖంలో కోపం లేదు, ఇష్టం లేని పని చేయాల్సి వచ్చిన మనిషి బాధ ఉంది.

"మాటంటే మాట అమ్మా."

"ఆగుండ్రి సారూ. పదకొండు కాలే ఇంక."

గోడ గడియారం పదకొండుకు అయిదు నిమిషాలు తక్కువ చూపిస్తోంది.

ఆమె అటక మీది నుంచి రెండు తీగలున్న చిన్న బల్బు తీసింది. పట్టాలు బిగించిన తలుపు అడుగున, వాటికి తీగలు అతికిన చోట ఆనిస్తే బల్బు వెలిగింది. పట్టాల పైన ఆనిస్తే వెలగలేదు. "కరెంటు ఉంది. మోటారు మంచిదే. నడుమ పసుపు ఉంది," అంది. అందరూ పెద్దమ్మ వైపు తిరిగారు.

"పసుపు కీడు జేస్తదా?" అంది పెద్దమ్మ, గొంతు తగ్గించకుండానే. "మా శామీర్‌పేటల..."

"మీ శామీర్‌పేటల పట్టాలే లేవు అత్తా! పొద్దుగాల దీపాలు తోమిన చింతపండు ఉందా?"

ఉంది. ఇత్తడి ఏదైనా ఇత్తడే. అత్తాకోడళ్ళిద్దరూ చెరోవైపు కూర్చుని పట్టాలు తోమారు. తడిబట్ట, పొడిబట్ట, ఆ తర్వాత స్పిరిటులో ముంచిన దూది. దుర్గాబాయి దండ, అగరుబత్తి తీసేసి, ఇంజనును వెల్లకిలా పట్టుకుని, రెండు తీగలతో కరెంటిచ్చి, తిరుగుతున్న చక్రాలకు దూది ఆనించింది. దూది పచ్చగా అయింది, ఎర్రగా అయింది, చివరికి తెల్లగా వచ్చింది. నిమ్మరసం అంటిన రబ్బరు రింగు జారుతోంది. దాన్ని పీకేసి వాల్వు ట్యూబు నుంచి కొత్తది కోసింది.

"వదినా, రైలు లేటు," అన్నాడు గౌరయ్య.

"నీ ఉద్దెర గిరాకీ లెక్కన కాదు తియ్యి. వస్తది."

బండి పట్టాల మీద పెట్టింది. బిరడా తిప్పింది. నల్లింజను ఒక్కసారి వణికి, కడ్డీలు ఆడించుకుంటూ కదిలింది. బాలనర్సయ్య మళ్ళీ గుచ్చి వెలిగించిన అగరుబత్తి వెలుగుతోంది. పొగ వెనక్కి వాలింది.

"ఒకటి!" అన్నారు గుమ్మం దగ్గరి ఆడవాళ్ళు. "రెండు! మూడు!"

ఏడో చుట్టులో టక్కున ఆగింది. రెండు పట్టాలు కలిసే సందులో కుంకుమ బొట్టు ఒకటి మిగిలిపోయింది. పెద్దమ్మ పరుగున వచ్చి కొంగుతో తుడిచేసింది. బండి మళ్ళీ కదిలింది. పది అయింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఎలీషా సారు మాత్రం కొట్టలేదు.

"నడుమ ఆగింది గద," అన్నాడు నెమ్మదిగా.

బాలనర్సయ్య లేచాడు. "సారూ, మేడ్చల్ స్టేషన్ల అసలు రైలు గూడ సిగ్నల్ కోసం ఆగుతది. గది ఆగుడు కాదు, హాల్టు!"

ఇల్లంతా నవ్వింది. సారు కూడా నవ్వి, "సరే సరే, పండుగ పూట..." అంటూ జేబులోంచి పెన్ను తీయబోయాడు.

"వద్దు సారూ," అంది దుర్గాబాయి.

సారు పెన్ను జేబులోనే వదిలి తల ఎత్తాడు.

"పండుగని ఇయ్యకుండ్రి. పది ఆగకుండ అన్నరు. మళ్ళ ఒకటి సంది లెక్కవెట్టుండ్రి."

"నీకేమన్న పిచ్చా?" అన్నాడు బాలనర్సయ్య. ఆమె అప్పటికే మోకాళ్ళ మీద కూర్చుని, ముక్కు పట్టాలకు ఆనేంత వంగి ఒక్కో సందునూ అగ్గిపుల్లతో గీకుతోంది. లేచి బిరడా తిప్పింది.

ఈసారి ఎవరూ అరవలేదు. పెదాలతో లెక్కపెట్టారు. అయిదు. ఆరు. ఏడో చుట్టులో ఆ సందు దగ్గరికి వచ్చేసరికి పెద్దమ్మ కళ్ళు మూసుకుంది. బండి దాటిపోయింది. ఎనిమిది. తొమ్మిది. పది కాగానే ఎలీషా సారే మొదట గట్టిగా అరిచాడు. దుర్గాబాయి బండిని ఆపలేదు. పదకొండు, పన్నెండు, పదమూడు... అగరుబత్తి అయిపోయేదాకా తిప్పింది. ఆమె ముక్కు మీద బూడిద, వేళ్ళకు నూనె నలుపు.

"చేతులు కడుక్కో అమ్మా, మసైంది," అన్నాడు సారు.

"కానియ్యండి సారూ," అంది, చేతులు అటూ ఇటూ తిప్పి చూసుకుంటూ.

సారు కాగితం తీసి రశీదు రాశాడు. 'ఒక నల్ల రైలింజను, నడుచుచున్నది' అని రాసి, 'దుర్గాబాయి, భర్త బాలనర్సయ్య' అని రాశాడు. చదివి వినిపించాడు.

"సారూ, గా 'భర్త' కొట్టేసి, మోటార్ వైండర్ అని రాయుండ్రి."

"నన్ను కొట్టేస్తివా?" అన్నాడు బాలనర్సయ్య గుండె మీద చేయి పెట్టుకుని.

"నిన్ను ఇంట్ల ఉంచుకుంట గని, కాయితం మీద నా పని ఉండనీ."

సారు కొట్టేసి రాశాడు. నేను రాసుకున్న యూనియన్ కాగితం వదిలేస్తే, దుర్గాబాయి అన్నేళ్ళ పనికి దాని అసలు పేరు ఆమె చేతికి వచ్చిన కాగితం మీద పడడం అదే మొదటిసారి. అది కూడా ఒక బొమ్మ రశీదు మీద! ఫ్యాక్టరీల చట్టాలున్న దేశంలో ఆ మాట రాయడానికి యాప్రాల్ నుంచి ఒక రిటైరైన సుబేదారు రావాల్సి వచ్చింది.

పండుగ అయిన మర్నాడు దుర్గాబాయి ఆ రశీదును సేటు బల్ల మీద పెట్టింది. సేటు చదివి, "గిది బొమ్మ రశీదు," అన్నాడు.

"బొమ్మదే సేటూ. నేను బొమ్మను కాదు గద."

ఆ మాట పట్టుకునే నలుగురు ఆడవాళ్ళూ తమ కార్డుల మీద వైండర్ అని రాయాలని దరఖాస్తు పెట్టారు. వెంటనే ఏమీ జరగలేదు, అబద్ధం చెప్పను. ఆఫీసుల చుట్టూ ఏడాదిన్నర తిరిగాం. దుర్గాబాయి, క్రిస్టీనా కార్డులు మారాయి. మిగిలిన ఇద్దరివీ మారలేదు, వాళ్ళ కోసం ఇంకా తిరుగుతూనే ఉన్నాం.

నల్లింజను మాత్రం దుర్గాబాయి ఇంట్లోనే తిరుగుతోంది. ఎలీషా సారు ప్రతి దసరాకు వస్తాడు. ఇప్పుడు పరీక్షకు కాదు, భోజనానికి. పూజ కూడా ఉంటుంది. కోడలు ఒక షరతు పెట్టింది: పొగగొట్టం మీద ఒకే ఒక్క బొట్టు, అంతకు మించి వద్దు. పెద్దమ్మ ఒప్పుకుంది. బొట్టు పెట్టేటప్పుడు మాత్రం రెండో చేతిలో చింతపండు ఉండ పట్టుకునే కూర్చుంటుంది.